ఆదివారం రాత్రి 2-10

దశరథరామయ్య మేస్త్రీ బతికున్నంత కాలం బస్సెక్కలేదు. గూడూరు నుంచి సైదాపురం వెళ్ళాలన్నా కాలినడకే. ఎందుకు నాయనా అని చిన్నప్పుడు కూతురు హైమవతి అడిగితే డీజిల్ వాసన పడదని చెప్పేవాడు. కండక్టరు ఈల ఊదుతాడనే ఆయన బస్సెక్కడన్న సంగతి ఆమెకు పదహారో ఏట బళ్ళో ఒక పిల్ల చెబితే తెలిసింది. ఊరందరికీ తెలిసింది ఇంట్లోవాళ్ళకు ఆఖరున తెలియడం మన దగ్గర కొత్తేమీ కాదు.

ఊరు చెప్పుకునే కథ చిన్నదే. 1987 జూన్‌లో ఒక ఆదివారం రాత్రి నాగులదిన్నె అభ్రకం గని కూలింది. పైకప్పు పగులుతున్న చప్పుడు వినగానే ఈల ఊదడం మేస్త్రీ పని. మూడు సార్లు పొడుగ్గా ఊదితే ఎక్కడి పనిముట్లు అక్కడ పడేసి పరిగెత్తాలి. ఆ రాత్రి మేస్త్రీ ఒక్కడే బయటికొచ్చాడు. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. ఈల జేబులో పెట్టుకుని తన ప్రాణం తాను చూసుకున్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. కుండకైతే మూకుడుంది, ఊరి నోటికి మూకుడు లేదు. మేస్త్రీ ఒక్కనాడూ అవుననలేదు, కాదనలేదు. మూడేళ్ళ కిందట ఆయన పోయాక పాత ట్రంకుపెట్టెలో గని రిజిస్టరు దొరికింది. ప్రమాదం జరిగిన రాత్రి నుంచి గని మూసేసిన రోజు దాకా అందులో ఆయన చేతిరాత ఉంది. ఆ రిజిస్టరు చంకలో పెట్టుకునే హైమవతి, నలభై ఆరేళ్ళ వయసులో, హైదరాబాదులో ఉన్న మంచి ఉద్యోగం వదిలేసి డాక్టర్ జిలానీ ప్రయోగశాలకు వచ్చింది.

ప్రయోగశాల అంటే గొప్పగా ఊహించుకోవద్దు. గూడూరు శివార్లలో మూతబడిన అభ్రకం షెడ్డు అది. జిలానీ అక్కడ కనిపెట్టినదాన్ని మొదట ఎవరూ నమ్మలేదు. అభ్రకం పొరలు పొరలుగా ఉండే రాయి. పొరకూ పొరకూ మధ్య ఉండే అణువుల్ని దగ్గర్లో పుట్టిన ప్రతి శబ్దమూ రవ్వంత పక్కకు జరుపుతుంది. జరిగినవి మళ్ళీ వెనక్కి రావు. ఒక సెకను తర్వాత ఒక సెకను, వరుస తప్పకుండా అలా పేరుకుపోయి ఉంటాయి. సన్నటి లేజరు కిరణంతో ఆ వరుసను చదివితే పాత శబ్దం మళ్ళీ వినబడుతుంది. చిక్కల్లా ఒక్కటే. కిరణం తగిలిన చోట పొర కాలి తెల్లబడుతుంది. ఆ వేడికి పక్క పొరలూ దెబ్బతింటాయి. దిండంత దిమ్మ నుంచి పది నిమిషాలకు మించి వినలేం. ఆ తర్వాత అది పొడైపోతుంది.

మొదటి ప్రయోగానికి ఒక రిటైర్డు పోస్ట్‌మాస్టరు తన ఇంట్లోని పాత దీపపు అభ్రకం చిమ్నీ తెచ్చిచ్చాడు. అందులో చనిపోయిన వాళ్ళమ్మ ఆయన్ని అన్నానికి పిలిచింది. అంతే, ఆరు మాటలు. ఆయన ఆ రోజు నుంచి రోజూ పది గంటలకొచ్చి షెడ్డు బయట బల్లమీద కూర్చుంటాడు. ఇంకేమీ లేదండీ అని చెబితే, తెలుసు బాబూ అంటాడు, అయినా కదలడు. జిలానీ ఆయన్ని దాటి లోపలికి రావాల్సి వచ్చినప్పుడల్లా తల దించుకుంటాడు.

హైమవతి పని తారీఖులు చదవడం. మనుషులు కాలాన్ని తలో రకంగా రాస్తారు. పెళ్ళి శుభలేఖ ఒక రకం, ఆస్పత్రి చీటీ ఇంకో రకం, గని రిజిస్టరు మరో రకం. యంత్రానికి అవేవీ తెలియవు. దానికి కావలసింది ఒకే ఒక్క అంకె, 1970 జనవరి ఒకటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నది. ఆ రాతను ఈ అంకెగా మార్చే ప్రోగ్రామును ఆమె సి భాషలో రాసింది. అందులో ఎన్ని గోతులున్నాయో పని చేసినవాళ్ళకు తెలుసు. ఆ భాషలో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, కాబట్టి జూన్ అంటే ఆరు కాదు, అయిదు. సంవత్సరం అంటే 1900 తర్వాత ఎన్నోదన్న లెక్క. తారీఖు ముక్కల్ని పెట్టుకునే గళ్ళను ముందుగా సున్నాలతో తుడవకపోతే అంతకుముందు అక్కడున్న చెత్త ఏదో అందులో మిగిలిపోయి, నిమిషాల్లోనో సెకన్లలోనో కలుస్తుంది. గిన్నె కడగకుండా వండినట్టే. హైమవతి అన్నీ తుడిచింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అన్న మాటలకు ఒక పట్టిక రాసింది. రాసిన వారం ఆ తారీఖుకు సరిపోకపోతే ప్రోగ్రాము ఆగిపోయేలా చేసింది. నాలుగు వందల తారీఖులతో పరీక్షిస్తే ఒక్కటీ తప్పలేదు.

జీతం సంగతి ఆమె ఎత్తలేదు. నాగులదిన్నె గనిని మళ్ళీ తెరుస్తున్నారని, కూలిన చోట లోపలి స్తంభం నుంచి ఒక దిమ్మ వస్తుందని విని, అది తనకు వినిపించాలని మాత్రం అడిగింది.

"విని ఏం చేస్తారు?" అన్నాడు జిలానీ.

"మా నాయన ఈల ఊదాడో లేదో తెలుసుకుంటాను."

"ఊదలేదని తెలిస్తే?"

ఊదాడనే ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళు నిలబడింది.

దిమ్మ వచ్చింది. దానితో పాటు చెంగమ్మ వచ్చింది. దిమ్మ నుంచి పొరల్ని చిట్లకుండా తీయడం ఏ యంత్రానికీ చేతకాలేదు. పూర్వం షెడ్లలో కత్తిపట్టుకుని అభ్రకం చీల్చిన ఆడవాళ్ళకే ఆ ఒడుపు తెలుసు. వాళ్ళలో చెయ్యి వణకనిది చెంగమ్మ ఒక్కతే మిగిలింది. అరవై ఆరేళ్ళుంటాయి. ఆ ఎనిమిది మందిలో ఒకడైన పెంచలయ్య భార్య ఆమె. గని తెరిచినప్పుడు దొరికిన ఎముకలు ఎవరివో తేల్చలేక, ఊరివాళ్ళు అన్నిటినీ ఒకే గోతిలో పూడ్చారు. ఆ గోతి దగ్గర ఎవరి పేరు పెట్టి ఏడవాలో తెలియక ఊరికే నిలబడి వచ్చానని ఆమె జిలానీతో చెప్పింది.

మొదటి రోజు హైమవతిని ఎగాదిగా చూసింది.

"మేస్త్రీ కూతురివి గదా నువ్వు?"

"అవునత్తా."

"ముక్కు అట్టనే ఉండాది," అని కత్తి తీసుకుని పనిలో పడింది. ఆ వారమంతా మళ్ళీ మాట్లాడలేదు. మధ్యాహ్నం గిన్నె విప్పుకుని ఆమె ఒక మూల, హైమవతి ఒక మూల తినేవాళ్ళు.

దిమ్మ సిద్ధమైన రోజు ఉదయం పదకొండు గంటలకు హైమవతి రిజిస్టరు తెరిచింది. 14-6-87 ఆదివారం రాత్రి 2-10. కప్పు కూలినది. ఆ మొదటి ముక్కను ఉన్నదున్నట్టు కొట్టింది. ప్రోగ్రాము వారం సరిచూసింది. 1987 జూన్ పద్నాలుగు ఆదివారమే. అంకె తేలింది. నాలుగు నిమిషాలు చదవమని ఆమె మీట నొక్కింది. చెంగమ్మ వెళ్ళలేదు, కత్తి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు.

ముందు గొరగొర. తర్వాత సుత్తిదెబ్బలు. ఎక్కడో నీటిచుక్క. తర్వాత ఒక కుర్ర గొంతు, నవ్వుతూ.

"మేస్త్రీ, ఇట్టా రా. మా చెంగి చేపలపులుసు కట్టింది, ఒక ముద్ద తినిపో."

చెంగమ్మ లేచి నిలబడింది. ఒళ్ళో కత్తి కింద పడింది.

"ఇంత సన్నగా ఉండేదా ఆయన గొంతు?" అంది. "నేను మర్చిపోయినా. నా మనవడి గొంతు మాదిరి ఉండాదే."

"తినేది ఆనక," రెండో గొంతు వచ్చింది. హైమవతి వెన్ను నిటారయింది. నాయన. దగ్గు లేని, వయసులో ఉన్న నాయన. "ఏందో చూపిస్తానంటివి?"

"పైన చూడు. నిన్నటికీ ఇయ్యాల్టికీ కప్పు వేలెడు విచ్చుకునింది. రెండు దినాలుగా కూస్తా ఉండాది. మనుషుల్ని బయటికి తోలెయ్ మేస్త్రీ."

కాసేపు నీటిచుక్క ఒక్కటే వినబడింది.

"రేపు రాత్రి ఒక్క షిఫ్టు కానీ. సోమవారం దుంగలొస్తాయి, ఊతం పెడదాం. ఇప్పుడు పని ఆపినానంటే గని దొర నన్నే ఆపేస్తాడు. ఎవురితోనూ అనబాక, జడుసుకుంటారు."

"అట్టయితే ఆ ఈల నాకియ్యి. ఈ మూలనుండేది నేను. పగిలితే నాకే ముందు తెలస్తాది."

ఏదో గలగలమంది, గొలుసు విప్పిన చప్పుడు.

"పోగొట్టబాక, కంపెనీది," అన్నాడు దశరథరామయ్య.

"పోగొడితే నా కూలీలో పట్టుకో," అని నవ్వాడు పెంచలయ్య. అక్కడికి నాలుగు నిమిషాలూ అయిపోయాయి. దిమ్మ అంచు పాలవిరుగులా తెల్లబడింది.

హైమవతికి ఏడుపూ వచ్చింది, ఒంటికి నిప్పంటుకున్నట్టూ అయింది. నాయన జేబులో ఈల లేదు. లేని ఈల ఎలా ఊదుతాడు? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరంతా కలిసి ఉమ్మింది ఆ ఈల కోసమే కదా! అంతలోనే రెండో సంగతి గుండెల్లో దిగింది. ఆయనకు ముందే తెలుసు. తెలిసి మనుషుల్ని లోపలికి పంపాడు. నిర్దోషి అనిపించుకోబోయి ఇంకా పెద్ద దోషం నెత్తినేసుకున్నట్టయింది. చెంగమ్మ ముఖంలోకి చూడలేక కంప్యూటరు వైపు తిరిగింది.

"ఇది ఆ రాత్రి కాదు," అన్నాడు జిలానీ మెల్లగా. "ముందు రాత్రి. రేపు రాత్రి అంటున్నాడు కదా. మీ ప్రోగ్రాము ఒక రోజు వెనక్కి పోయింది, హైమవతి గారూ."

ఆమె కోడంతా పైనుంచి కిందికి చదివింది. నెలలో సున్నా, సంవత్సరంలో పంతొమ్మిది వందలు, తుడిచిన గళ్ళు, ప్రపంచ గడియారానికీ మనకూ ఉన్న అయిదున్నర గంటల తేడా. రెండు సార్లు చదివింది. తప్పు దొరకలేదు. లేని తప్పు ఎలా దొరుకుతుంది? మధ్యాహ్నం రెండయినా అన్నం ముట్టలేదు. చెంగమ్మ తన గిన్నె తీసుకుని వచ్చి, మొదటిసారి, ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఏంది ఎతకతా ఉండావు పొద్దుననుంచి?"

"ఆదివారం రాత్రి రెండు గంటలకు అని నాయన రాశాడత్తా. నేను ఆదివారమే పెట్టాను. అయినా ముందు రోజుకు పోయింది."

"ఆదివారం రాత్రి రెండంటే ఆదివారం పొద్దుగుంకినాక వచ్చే రెండు గదా. నువ్వు యాడ పెట్టినావు?"

హైమవతి రిజిస్టరు దగ్గరకు లాక్కుంది.

"తెల్లారితేనే గదమ్మా సోమవారం," అంది చెంగమ్మ, పసిపిల్లకు చెప్పినట్టు. "సూర్యుడు రాకముందే వారం ఎట్ట మారతాది? నా కొడుకు పుట్టింది శనివారం రాత్రి మూడింటికి. శనివారమనే జాతకం రాసినారు. ఈ చదువులన్నీ చదివి ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలుసు. చిన్నప్పుడు తనూ అలాగే అనేది. పాతికేళ్ళుగా రోజులన్నీ అర్ధరాత్రి పన్నెండుకే మారే గదుల్లో బతికి మర్చిపోయింది. నాలుగు వందల తారీఖులతో పరీక్షించింది కానీ, ఒక్కటి కూడా అర్ధరాత్రికీ తెల్లవారడానికీ మధ్యది కాదు. నాయన సరిగ్గానే రాశాడు, ప్రోగ్రాము సరిగ్గానే చదివింది. ఆయన ఆదివారం అప్పటికింకా అయిపోలేదు. తద్దినాలు తిథిని బట్టి పెట్టేవాళ్ళు కనుక, ఇంగ్లీషు తారీఖుతో పని పడిన మనిషి ఊళ్ళో ఇన్నేళ్ళూ లేకుండా పోయాడు, ఈ తేడా ఎవరికీ తట్టలేదు.

ఆమె పట్టికలో ఒక వరుస చేర్చింది. రాత్రి అని ఉండి, గంట పన్నెండుకూ ఆరుకూ మధ్యదైతే ఒక రోజు కలుపు. అంతే. కలిపాక కూడా మీట నొక్కలేదు.

"ఆరు నిమిషాలు ఉన్నాయి," అన్నాడు జిలానీ. "ఇక్కడితో ఆపేయడం మంచిదని నా మాట. మీ ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఈ దిమ్మను బీరువాలో పెట్టి తాళం వేస్తాను."

బయట పోస్ట్‌మాస్టరు దగ్గు వినబడింది. హైమవతికి వద్దనాలనే ఉంది. తనకు కావలసింది దొరికింది, అక్కరలేనిదీ దొరికింది. కానీ వద్దనే హక్కు తనకు లేదనిపించి చెంగమ్మ వైపు చూసింది.

"మీ నాయనకు ముందే తెల్సు," అంది చెంగమ్మ. అరవలేదు, తిట్టలేదు. అదే భరించలేకపోయింది హైమవతి. "అది నేను ఆనక ఆలోచిస్తా. ఇప్పుడు ఈల మా ఆయన కాడుండాది. ఊదినాడా, బెదిరిపోయినాడా? నా కొడుక్కి ఏం చెప్పాల? పెట్టు."

పదిహేనో తారీఖు, రెండుగంటల పది నిమిషాలు. ఒక్క నిమిషం.

సుత్తిదెబ్బలు. ఉన్నట్టుండి ఎండుకట్టె విరిగినట్టు పైన ఒక చప్పుడు. దాని వెంటే ఈల. పొడుగ్గా ఒకటి, రెండు, మూడు. అరుపులు, పరిగెత్తే కాళ్ళు. ఆ తర్వాత వచ్చిన మోతకు స్పీకరు పగిలిపోతుందేమోనని జిలానీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊదినాడు," అంది చెంగమ్మ. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నా ఆమె ముఖం వెలిగిపోతోంది. "విన్నావా పాపా? మూడు తూర్లు ఊదినాడు. మీ నాయన బతికింది ఆ ఈల వినే."

హైమవతి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పుడు ఆపి ఉంటే సరిపోయేది. కానీ మోత అణిగాక, నిమిషం ముగిసే ముందు, దుమ్ములోంచి మళ్ళీ వినబడింది. పొడుగ్గా ఒకటి, రెండు, మూడు. ముగ్గురూ విన్నారు. చెంగమ్మ చేతులు మెల్లగా జారిపోయాయి.

"మూడింటికి పెట్టు," అంది.

మూడింటికి ఈల ఉంది. మధ్య మధ్య ఒక మనిషి మూలుగు, అది పెంచలయ్యది కాదు. నాలుగున్నరకు మూలుగు లేదు, ఈల ఉంది. ఆరింటికి, తెల్లవారాక, సూర్యుడి లెక్కలోనూ యంత్రం లెక్కలోనూ సోమవారమే అయ్యాక, ఈల ఆగి ఆగి వస్తోంది. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. దిమ్మ సగానికి పైగా తెల్లబడింది.

"ఎప్పుడు మూసినారు గనిని?" అంది చెంగమ్మ. "ఎతికినారు, ఏమీ వినపడలేదని చెప్పినారు నాకు. ఎవురు ఎతికినారు? ఆ పుస్తకంలో ఉంటాది, చూడు."

హైమవతికి చూడనక్కర్లేదు. ఆ వాక్యం కంఠతా వచ్చు. అయినా పేజీ తిప్పి పైకి చదివింది.

"15-6-87 సోమవారం పొద్దున 9-00. కూలిన చోటి దాకా నేనొక్కడినే వెళ్ళి అరగంట సేపు విన్నాను. ఎవరినీ వెంట రానివ్వలేదు. లోపల ఏ శబ్దమూ లేదు. మూసివేయవచ్చును. దశరథరామయ్య, మేస్త్రీ."

ఈసారి వారంలో గానీ గంటలో గానీ పొరపాటుకు చోటులేదు. ఆమె అక్షరం అక్షరం కొట్టింది.

మొదట ఏమీ లేదు. లేదు, లేదు, నాయన నిజమే రాశాడు అనుకుంది హైమవతి. అప్పుడు రాళ్ళ అవతల నుంచి, చాలా దూరం నుంచి, ఒక గొంతు.

"పెంచలా!"

వెంటనే ఈల. ఒకటి, రెండు, మూడు.

"పెంచలా, నువ్వేనా? ఇంకెవురన్నా ఉండారా?"

ఒకటి, రెండు, మూడు. దుమ్ముకు గొంతు పోయిన మనిషి సంతోషంతో ఊదితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ఈల. అవతలి గొంతు మళ్ళీ రాలేదు. రాళ్ళ మీద చెప్పుల చప్పుడు ఒక్కటి వినబడింది. అది దగ్గరకు రాలేదు, వెనక్కి పోయింది. ఈల మాత్రం ఆగకుండా పిలుస్తూనే ఉంది. నిమిషం అయిపోయింది.

పైకప్పు విచ్చుకుందని ముందే చెప్పిన మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు, ఆ రాళ్ళ వెనక. వాడు బయటికొస్తే నోరు విప్పుతాడు. అంతకంటే ఎక్కువగా ఆలోచించడానికి హైమవతికి ధైర్యం చాలలేదు. తనను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి, జ్వరమొస్తే రాత్రంతా తలదగ్గర కూర్చున్న మనిషి. ఆమెకు నాయన మీద అసహ్యం వేసింది. అంత అసహ్యంలోనూ, బస్సెక్కకుండా ఎండలో ఒంటరిగా నడిచిపోయే ఆయన వీపు మీద జాలి వేసింది. ఆ జాలికి తన మీద తనకే సిగ్గేసింది.

"అత్తా," అంది.

చెంగమ్మ ఏడవడం లేదు. వంగి, కింద పడ్డ కత్తి తీసి బల్లమీద పెట్టింది. తెల్లబడిన దిమ్మను వేలికొసతో తడిమింది. పొడి వేలికంటింది.

"ఇంకెంతసేపుండాది ఇందులో?"

"ఒక్క నిమిషం," అన్నాడు జిలానీ. "వద్దమ్మా. దయచేసి వద్దు."

"ఆయన వెళ్ళిపోయినాక మా ఆయన ఒక్కడే గదా ఉండాడు ఆడ," అంది చెంగమ్మ. "ఎంతసేపని ఊదినాడో నేనన్నా వినాల గదా. పదికి పెట్టు పాపా."

హైమవతి కళ్ళు తుడుచుకుని, సోమవారం పొద్దున పది అని కొట్టింది.